సార్ చెప్పినట్టు ఎవడూ పట్టుకోడు

మహిళా దినోత్సవం నాడు మా అన్నయ్య వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆత్మరక్షణ శిబిరం పెట్టారు. మూడు గంటలు, నలభై మంది ఆడవాళ్లు, ఒక సారు, ఒక మైకు. మణికట్టు పట్టుకుంటే ఇలా, జుట్టు పట్టుకుంటే ఇలా, వెనక నుంచి వాటేసుకుంటే ఇలా అంటూ మొత్తం పద్నాలుగు పట్లు నేర్పించారు. చివర్లో గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్, సమోసా.

సాయంత్రం నేను వెళ్లేసరికి మా మేనకోడలు మంచి హుషారు మీద ఉంది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. "అత్తా, చూస్తావా?" అంటూ తమ్ముణ్ణి పిలిచి "నా చెయ్యి పట్టుకోరా" అంది. వాడు పట్టుకున్నాడు. పదో తరగతి కుర్రాడు, పెద్ద బలశాలేం కాదు. ఇది మణికట్టు తిప్పి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. వాడు నవ్వుతూ రెండో చెయ్యి కూడా వేసి సోఫా దాకా ఈడ్చుకుపోయాడు. పిల్లకి ఉక్రోషం వచ్చింది. "అలా కాదురా, సార్ చెప్పినట్టు పట్టుకో!" అని అరిచింది.

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. రాత్రి నేను బయల్దేరుతుంటే మాత్రం అది గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "నిజంగా పనికొచ్చేది ఎక్కడ నేర్పుతారత్తా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పుస్తకాలూ పరిశోధనలూ తిరగేశాను. క్లాసుకు వెళ్లాలా, పుస్తకం కొనాలా, వీడియోలు చూడాలా అన్నది తర్వాతి సంగతి. ఏ పాఠమైనా సరే, మనం భయంతో బిగుసుకుపోయిన క్షణంలో ఒంట్లో ఎంత మిగులుతుందన్నదే దాని విలువ. అలా మిగలాలంటే సార్ చెప్పినట్టు పట్టుకోని మనిషి మీద దాన్ని సాధన చేసి ఉండాలి.

మణికట్టు లెక్క

ముందు ఆ పట్టు సంగతే చూద్దాం. సారు నేర్పింది తప్పేమీ కాదు. మనిషి పిడికిలి పట్టకారు లాంటిది. ఒక పక్క నాలుగు వేళ్లు, ఇంకో పక్క ఒక్క బొటనవేలు. ఆ రెండూ కలిసే చోటే పట్టు పలచన. మన మణికట్టు నిజానికి గుండ్రంగా ఉండదు, స్కూలు స్కేలులా కొంచెం బల్లపరుపుగా ఉంటుంది. స్కేలు అంచు సందులోకి దూరినట్టు, మణికట్టు సన్నటి అంచుని ఆ బొటనవేలి సందువైపు తిప్పాలి. తర్వాత చేతిని వెనక్కి లాగడం కాదు, మోచేతిని అవతలివాడి మోచేతి వైపు తోస్తూ అడుగు ముందుకు వెయ్యాలి. అప్పుడు ముంజేయి గునపంలా పనిచేస్తుంది. మన ఒంటి బరువంతా పోయి వాడి ఒక్క బొటనవేలి మీద పడుతుంది. పట్టు ఊడుతుంది.

అయితే ఈ లెక్కలో మూడు షరతులు దాగున్నాయి. వాడు ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. పట్టుకుని కదలకుండా నిలబడాలి. మనం విడిపించుకుంటుంటే వాడు అడ్డుకోకూడదు. సెల్లార్‌లో జోడీగా నిలబడ్డ పక్కింటి పిన్నిగారు మూడింటినీ తు.చ. తప్పకుండా పాటించారు. తమ్ముడు ఒక్కటీ పాటించలేదు. రోడ్డు మీద తగిలేవాడు తమ్ముడి లాంటివాడే, పిన్నిగారి లాంటివాడు కాడు.

చూస్తే వచ్చేస్తుందా?

చాలామంది ముందుగా వెళ్లేది ఫోన్‌లోకే. "ఈ ఒక్క ట్రిక్ తెలిస్తే చాలు" అంటూ ముప్పై సెకన్ల వీడియోలు వరసకట్టి వస్తాయి. నాలుగైదు చూసేసరికి మనకీ వచ్చేసినట్టే ఉంటుంది.

ఆ "వచ్చేసినట్టు ఉండడం" మీదే షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ వరస ప్రయోగాలు చేసి 2018లో ప్రచురించారు. బల్ల మీది గిన్నెలు కదలకుండా కింద పరిచిన గుడ్డని ఒక్క ఊపున లాగేసే విద్య వీడియోని కొందరికి ఒక్కసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్లకి తామూ చెయ్యగలమన్న ధీమా బాగా పెరిగింది. మరో ప్రయోగంలో బాణపు ముల్లుని గురిచూసి బోర్డు మీదికి విసిరే ఆట వీడియో చూపించి, చూసినవాళ్ల చేత నిజంగానే విసిరించారు. ఇరవైసార్లు చూసినవాళ్ల అంచనా ఎక్కువగా ఉంది, స్కోరు మాత్రం ఒక్కసారి చూసినవాళ్లతో సమానంగానే ఉంది. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడమంటే ఇదే.

కారణం తేలికగానే అర్థమవుతుంది. కంటికి కనిపించేది కదలిక ఆకారమే. ఎంత బరువు ఎక్కడ మోపాలి, ఏ క్షణంలో కదలాలి అన్నవి కండరాలకీ కీళ్లకీ మాత్రమే తెలిసే సంగతులు. పైగా మనం తప్పు చేస్తే "కాదమ్మా, మోచెయ్యి కిందికి" అని వీడియో చెప్పదు. అలాగని వీడియోలు దండగని కాదు. క్లాసులో నేర్చుకున్నదాన్ని గుర్తు చేసుకోవడానికి పనికొస్తాయి. మాటలతో దారి మళ్లించి దగ్గరయ్యే తీరు, చుట్టుముట్టే తీరు కళ్లారా చూసి గుర్తుపట్టడానికి ఇంకా బాగా పనికొస్తాయి. కదలిక నేర్చుకోవడానికి మాత్రం మనిషికి మనిషే కావాలి.

కాళ్లూ చేతులూ ఆడవు

భయం వేసినప్పుడు ఏమవుతుందో మన భాష ఎప్పుడో చెప్పింది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, కాళ్లూ చేతులూ ఆడవు, నోట మాట రాదు, మనిషి కొయ్యబారిపోతాడు. శాస్త్రం వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూసింది.

హార్వర్డ్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన పుస్తకంలో, ప్రమాదం ఎదురైతే ఒళ్లు పోరాటానికో పరుగుకో ఎలా సిద్ధమవుతుందో వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం జీర్ణాశయం నుంచి పెద్ద కండరాలకి మళ్లుతుంది, చూపు ఎదురుగా ఉన్న ముప్పు మీదే నిలిచిపోతుంది. తోయడానికీ పరిగెత్తడానికీ ఈ ఏర్పాటంతా బాగుంది. సూదిలో దారం ఎక్కించడం లాంటి సున్నితమైన పనులకే పనికిరాదు. అవతలివాడి చిటికెనవేలు వెతికి పట్టుకుని ఫలానా కోణంలో విరవాలి అనే రకం పట్లు ఆ వేళ చేతికి అందవు. అరిచేత్తో గడ్డం మీద బలంగా తోయడం, మోకాలితో పొడవడం, మడమతో పాదం మీద తొక్కడం లాంటి మోటు పనులే మిగులుతాయి.

రెండో చిక్కు ఎంపికలది. 1952లో బ్రిటన్‌లో విలియం హిక్ ఒక ప్రయోగం చేశాడు. మనిషి ముందు దీపాలు పెట్టి, ఏది వెలిగితే దానికి సంబంధించిన మీట నొక్కమన్నాడు. దీపాల సంఖ్య పెరిగేకొద్దీ స్పందించడానికి పట్టే సమయం పెరిగింది. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ ఆలస్యం దాదాపు ఒకే మోతాదులో పెరుగుతూ పోయింది. పద్నాలుగు పట్లలో ఇప్పుడు ఏది అని మెదడు వెతుక్కుంటున్న వ్యవధిలో అవతలివాడి పని అయిపోతుంది. ఎక్కువ సాధన చేస్తే ఈ ఆలస్యం తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పద్నాలుగు పట్లు రెండేసిసార్లు చేసినదానికన్నా, రెండు పట్లు రెండు వందలసార్లు చేసినది నయం.

ఈ సంగతి రణరంగంలో పనిచేసినవాళ్లకి ముందే తెలుసు. షాంఘై పోలీసుశాఖలో ఏళ్ల తరబడి వీధి కొట్లాటలు చూసిన విలియం ఫెయిర్‌బెయిర్న్, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ కమాండోలకి నేర్పించాల్సి వచ్చినప్పుడు పాఠాన్ని గుప్పెడు మోటు దెబ్బలకి కుదించాడు. చలిలో, చీకట్లో, అలసటలో కూడా గుర్తుండేవి అవేనని ఆయన లెక్క.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, మన సమాజం అన్నిటికన్నా తక్కువగా అర్థం చేసుకున్నది. అత్యాచారం జరిగాక నెలలోపు స్టాక్‌హోమ్‌లోని అత్యవసర వైద్య కేంద్రానికి వచ్చిన 298 మంది మహిళల్ని స్వీడన్ వైద్యులు పరిశీలించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. వారిలో 70 శాతం మంది, దాడి సమయంలో కదలాలన్నా కదల్లేని స్థితిలోకి గణనీయంగా వెళ్లిపోయినట్టు చెప్పారు. అది పిరికితనం కాదు, ఒప్పుకోలు అంతకన్నా కాదు. పాముకి చిక్కిన కప్పలో, పిల్లి నోట్లో ఎలుకలో కనిపించే పురాతన శారీరక ప్రతిచర్య. "అరవలేదేం? కొట్టలేదేం?" అని అడిగేవాళ్లకి ఇదే సమాధానం. మంచి శిక్షకుడు దీన్ని మొదటి రోజే చెబుతాడు. బిగుసుకుపోవడం సహజమని చెప్పి, ఒక్క అరుపుతోనో ఒక్క అడుగుతోనో దాన్ని ఎలా తెంచుకోవాలో సాధన చేయిస్తాడు.

ఎదురు తిరిగే జోడీ

1882లో జపాన్‌లో జిగోరో కానో జూడో స్థాపించినప్పుడు పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలు కొన్నిటిని పక్కన పెట్టాడు. దానివల్ల విద్య బలహీనపడాలి కదా? పడలేదు. ప్రమాదం తగ్గింది కాబట్టి విద్యార్థులు ఒకరినొకరు పూర్తి బలంతో, ముందుగా అనుకోకుండా, పడెయ్యాలని చూస్తూ రోజూ సాధన చెయ్యగలిగారు. ఈ స్వేచ్ఛా సాధన పేరు రందోరి. కళ్లు పొడిచే విద్య ఎంత భయంకరమైనదైనా జోడీ మీద నిజంగా చెయ్యలేం, చెయ్యనిది ఒంటికి పట్టదు. మామూలు పట్టు అయినా ఎదురు తిరిగేవాడి మీద వెయ్యిసార్లు చేస్తే అది మనదవుతుంది.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లని ఒకే బరిలోకి దింపిన మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగింది. ఒక బాక్సరూ కరాటే యోధులూ ఒక సుమో మల్లుడూ ఉన్న ఆ పోటీలో బ్రెజిల్ నుంచి వచ్చిన బక్కపలచటి రాయ్‌స్ గ్రేసీ గెలిచాడు. అతని ఇంటి విద్యకి మూలం కానో పాఠశాల నుంచి బ్రెజిల్ చేరిన జూడో. ఎదిరించేవాడితో రోజూ కుస్తీ పట్టడమే ఆ ఇంట్లో చదువు.

మనకి ఇది కొత్తేమీ కాదు. ఉత్తరాంధ్ర తాలింఖానాల్లో, హైదరాబాదు పాతబస్తీ తాలీముల్లో మల్లులు మట్టిలో చేసింది ఇదే. వీరఘట్టం నుంచి వచ్చి దేశమంతా పేరు మోగించిన కోడి రామ్మూర్తినాయుడు పెరిగింది ఆ సంప్రదాయంలోనే. కర్రసాము నేర్చుకుంటే ఒళ్లు తేలికవుతుంది, చేతికి చురుకు వస్తుంది. ఊరేగింపులో ఒంటరిగా కర్ర తిప్పడం చూడముచ్చటే. అయితే ఎదుట ఇంకో కర్ర లేనంతవరకు అది సగం విద్యే.

ఆడవాళ్ల ఆత్మరక్షణలో ఈ సూత్రాన్ని మొదట పట్టుకున్నవాళ్లలో అమెరికాకి చెందిన మాట్ థామస్ ఒకడు. కరాటేలో బ్లాక్‌బెల్ట్ ఉన్న ఒక మహిళ మీద అత్యాచారం జరిగిందని తెలిసి, బెల్టులు ఇచ్చే చదువులో లోపమేమిటా అని ఆలోచించాడు. 1971లో అతను మొదలుపెట్టిన శిక్షణలో తల నుంచి కాలి దాకా మందపాటి మెత్తటి కవచం తొడుక్కున్న శిక్షకుడు నిజంగానే మీదపడతాడు, బూతులు తిడతాడు, కింద పడేస్తాడు. విద్యార్థి ఆపకుండా పూర్తి బలంతో కొట్టాలి. గుండె అదురుతుండగా నేర్చుకున్నది గుండె అదిరినప్పుడే గుర్తుకొస్తుందన్నది దీని వెనకున్న ఆలోచన. ఈ తరహా శిక్షణ తీసుకున్న మహిళల్ని స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ ఓజర్, సుప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా అధ్యయనం చేసి 1990లో ఫలితాలు ప్రకటించారు. తమని తాము కాపాడుకోగలమన్న నమ్మకం పెరిగింది. అంతేకాదు, ఎక్కడ నిజంగా ప్రమాదం ఉందో, ఎక్కడ లేదో పోల్చుకోగలిగారు. భయంతో మానేసిన పనులూ ప్రయాణాలూ మళ్లీ మొదలుపెట్టారు.

చీకటి సందులో కాదు

మన శిబిరాల్లో దాడి చేసేవాడు ఎప్పుడూ ముసుగు వేసుకుని చీకటి సందులోంచే వస్తాడు. జాతీయ నేర గణాంకాలు ఇంకో కథ చెబుతున్నాయి. ఏటా నమోదవుతున్న అత్యాచారం కేసుల్లో పదింటికి తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పై అధికారి, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. వాడు మణికట్టు పట్టుకునే ముందు "కాఫీ తాగి వెళ్దువుగాని" అంటాడు. కారు తలుపు తీస్తాడు. "నా మీద నమ్మకం లేదా?" అంటాడు. ఆ మాట దగ్గర ఏం చెయ్యాలో పద్నాలుగు పట్లలో ఒక్కటీ చెప్పదు.

ఈ దిశలో అన్నిటికన్నా గట్టి ఆధారం కెనడా నుంచి వచ్చింది. విండ్సర్ విశ్వవిద్యాలయానికి చెందిన షార్లీన్ సెన్ బృందం మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది చదువుతున్న 893 మంది అమ్మాయిల్ని రెండు జట్లు చేసింది. ఎవరు ఏ జట్టో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒక జట్టుకి మామూలుగా ఇచ్చే కరపత్రాలు. రెండో జట్టుకి మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు కరపత్రాల జట్టులో 9.8 శాతం, శిక్షణ జట్టులో 5.2 శాతం. దాదాపు సగానికి తగ్గింది.

ఆ పన్నెండు గంటల్లో ఏముందన్నది ఇంకా ఆసక్తికరం. చేతులూ కాళ్లూ ఆడించే సాధన రెండు గంటలే. మిగతా సమయమంతా తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాద సూచన ఎలా కనిపిస్తుంది, "బాగుండదేమో, నొచ్చుకుంటాడేమో" అన్న మొహమాటాన్ని ఎలా దాటాలి, నాకేం కావాలో నాకేం వద్దో నోరు తెరిచి ఎలా చెప్పాలి అన్నవాటికే. మన ఇళ్లల్లో ఆడపిల్ల గొంతు వీధిలోకి వినబడితే చాలు "మెల్లగా మాట్లాడవే" అంటాం. ఇరవై ఏళ్లు మెల్లగా మాట్లాడిన గొంతు ఒక్కరోజున పెద్దగా లేవాలంటే లేవదు. గొంతుకీ సాధన కావాలి.

అరిచి ఎదిరించడం పనిచేస్తుందా? షికాగోలో సారా ఉల్మన్ మొదలుకుని ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు చెప్పేది ఒకే తీరుగా ఉంది. గట్టిగా అరవడం, తోయడం, కొట్టడం, పారిపోవడం చేసిన సందర్భాల్లో దాడి పూర్తికాకుండా ఆగిపోవడం ఎక్కువ. బతిమాలడం, ఏడవడం వల్ల అలాంటి ఫలితం కనబడలేదు. ఎదిరిస్తే ఇంకా ఎక్కువ దెబ్బలు తగులుతాయన్న భయం కూడా చాలావరకు నిలబడలేదు. దెబ్బలు ఎక్కువగా ఎదిరించడానికి ముందే తగిలి ఉంటాయి. ఇది ఎవరికీ పరీక్ష పెట్టడానికి చెబుతున్నది కాదు. ఎదిరించలేకపోయినా నేరం చేసినవాడిదే నేరం.

మగపిల్లలకి వేరే పాఠం ఉంది. వాళ్ల గొడవలు ఎక్కువగా "ఏంట్రా చూస్తున్నావ్?" దగ్గర మొదలవుతాయి. అమెరికాలో జైలు అధికారిగా పనిచేసిన రోరీ మిల్లర్ 2008లో రాసిన పుస్తకంలో దీనికి కోతుల నాట్యమని పేరు పెట్టాడు. చూపు, మాట, ముందుకో అడుగు, ఛాతీ మీద ఒక తోపు, తర్వాత పిడిగుద్దు. ఏ మెట్టు మీదైనా "సారీ బ్రదర్" అని పక్కకి తప్పుకుంటే ఆట ఆగిపోతుంది. బండికి బండి రాసుకుంది, గీత పడింది. ఆ గీతకి ప్రాణం పెట్టాలా? ఆత్మరక్షణలో మొదట కాపాడుకోవాల్సింది అహాన్ని కాదు.

కత్తి కనబడితే

వీడియోల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి కత్తిని చేత్తో లాక్కునే వీడియోలు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో ఒక సాదా లెక్క రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. శిక్షణ పొందిన పోలీసు ఒరలోంచి తుపాకి తీసి రెండుసార్లు కాల్చడానికీ సుమారు అంతే పడుతుంది. 21 అడుగులంటే మన హాలు ఈ చివర నుంచి ఆ చివరకి. తుపాకి ఉన్నవాడి పరిస్థితే అది. అలాంటిది ఖాళీ చేతులతో కత్తి లాక్కోవడం సులువని ఎవరైనా నేర్పుతుంటే ఆ క్లాసులోంచి లేచి వచ్చెయ్యండి. కత్తి చూపించి పర్సు అడిగితే పర్సు ఒక పక్కకి విసిరి, మనం ఇంకో పక్కకి కాళ్లకి బుద్ధి చెప్పడమే విద్య. మన భాష పారిపోవడాన్ని కాళ్లకి బుద్ధి చెప్పడం అందంటే ఊరికే కాదు.

క్లాసు చూసి చేరండి

ఇక మా మేనకోడలి ప్రశ్నకి సూటి జవాబు. డబ్బు కట్టేముందు ఒకరోజు గోడవారగా కూర్చుని క్లాసు చూడనివ్వమని అడగండి. చూడనివ్వకపోతే అక్కడితో సరి. చూడనిస్తే గంటలో నాలుగు సంగతులు తేలిపోతాయి.

మొదటిది, జోడీ ఎదురు తిరుగుతున్నాడా? గాల్లో గుద్దులూ వరసలో తన్నులే ఉంటే అది కసరత్తు. మంచిదే, కాని మనం వెతుకుతున్నది అది కాదు. రెండోది, గొంతు వినిపిస్తోందా? "వద్దు", "వెనక్కి జరుగు" అని అరిపిస్తున్నారా? మూడోది, పట్టు విడిపించుకున్నాక ఏం చేయిస్తున్నారు? మళ్లీ వరసలోకి వచ్చి నిలబడమంటున్నారా, తలుపు వైపు పరిగెత్తమంటున్నారా? నాలుగోది, శిక్షకుడు ఏం హామీ ఇస్తున్నాడు? "మూడు గంటల్లో ఎవర్నయినా పడగొడతారు" అనేవాడికన్నా "ఇది ఒక్కోసారి పనిచెయ్యదు, అప్పుడు ఇలా" అనేవాడు నిజాయితీపరుడు. ఇబ్బందిగా ఉందని విద్యార్థి చెబితే ఆగని చోట ఒక్క నిమిషం ఉండొద్దు. వద్దంటే ఆగాలని నేర్పాల్సిన చోటే వద్దంటే ఆగకపోతే ఇంకేం నేర్పుతారు?

దొరికే చోట్లు మనం అనుకునేదానికన్నా దగ్గరే ఉంటాయి. జిల్లా కేంద్రాల స్టేడియాల్లో జూడో, కుస్తీ, బాక్సింగ్ కోచింగ్ తక్కువ రుసుముకే దొరుకుతుంది. వాటిపేరు ఆత్మరక్షణ కాదు గాని, ఎదురు తిరిగే జోడీ రోజూ దొరికేది అక్కడే. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ పేరుతో మూడు నెలల శిక్షణ ఉంది. మీ ఊరి బడిలో అది జరుగుతోందా అని హెడ్మాస్టరుని అడగడం తల్లిదండ్రుల హక్కు. పుస్తకాల్లో రోరీ మిల్లర్ రాసింది, 1997లో గావిన్ డి బెకర్ రాసిన 'ద గిఫ్ట్ ఆఫ్ ఫియర్' చదవదగ్గవి. రెండూ ఇంగ్లీషులోవే, రెండూ దెబ్బలకన్నా ముందే అందే సంకేతాల గురించి చెబుతాయి. "ఎందుకో మనసు కీడు శంకిస్తోంది" అనిపిస్తే ఆ మాట వినమంటాడు డి బెకర్. అది మూఢనమ్మకం కాదంటాడు. మనకి తెలియకుండానే కన్నూ చెవీ పోగుచేసిన సమాచారమే ఆ అనుమానమంటాడు.

పెప్పర్ స్ప్రే కొన్నవాళ్లకి ఒక చిన్న పరీక్ష. ఇప్పుడే, ఈ పేజీ దగ్గరే ఆగి, హ్యాండ్‌బ్యాగులోంచి దాన్ని బయటికి తియ్యండి. తాళాలగుత్తి, పౌడరుడబ్బా, బిల్లుల కింద నుంచి అది చేతికి రావడానికి ఎంతసేపు పట్టింది? మూత ఎటు తిరుగుతుందో చూడకుండా చెప్పగలరా? ఫోనూ అంతే. 112కి ఫోన్ చెయ్యడం అందరికీ తెలుసు. చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వరసగా నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కాలో సెట్టింగుల్లోకి వెళ్లి ఈరోజే చూసుకోండి.

చట్టం సంగతి కూడా క్లాసులో చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ప్రాణభయం, తీవ్రంగా గాయపడే భయం, అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి పరిస్థితుల్లో ఆ హక్కు దుండగుడి ప్రాణం పోయేదాకా కూడా వెళ్లొచ్చని 38వ సెక్షన్ చెబుతుంది. కాపాడుకోవడానికి అవసరమైనదానికి మించి హాని చెయ్యకూడదనీ, పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదనీ 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. వాడు వదిలేసి పారిపోతుంటే వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు, కొట్లాట.

తుప్పు పట్టకుండా

నేర్చుకున్నది నిలవాలంటే ఎలా సాధన చెయ్యాలన్నదానికీ పరిశోధన ఉంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు, చేతి కదలికలు మూడు నేర్పి చూశారు. కొందరు ఒక కదలిక పూర్తిగా అయ్యాక ఇంకోటి చేశారు, కొందరు మూడింటినీ కలగాపులగంగా చేశారు. సాధన వేళ మొదటి జట్టే బాగా చేసింది. తర్వాత పరీక్షిస్తే రెండో జట్టుకే ఎక్కువ గుర్తుంది. వరసగా చేస్తే చేతికి వచ్చేసినట్టు ఉంటుంది, కలిపి చేస్తే తడబడుతూనే ఒంటికి పడుతుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం పోసే సీపీఆర్ నేర్చుకున్నవాళ్లలో కూడా కొన్ని నెలలకే ఆ నైపుణ్యం తగ్గిపోతుందని వైద్యరంగానికి తెలుసు. ఏడాదికోసారి మహిళా దినోత్సవం నాడు మూడు గంటలు చేసేకన్నా వారానికి రెండుసార్లు పావుగంట చెయ్యడం మేలు.

మా మేనకోడలు ఊళ్లో స్టేడియంలో జూడోకి వెళ్తోంది ఇప్పుడు. మొదటి నెలంతా కింద పడడమే నేర్పారట. ఇంటి దగ్గర సాధనకి తమ్ముడున్నాడు. వాడికి ఒకటే నియమం పెట్టాం. ఎప్పుడు పట్టుకుంటాడో, ఎలా పట్టుకుంటాడో ముందు చెప్పకూడదు.

మొన్న ఆదివారం నేను అక్కడే ఉన్నాను. బట్టలు ఆరేసి మేడ మీంచి దిగుతుంటే మెట్ల మలుపులో వాడు రెండు చేతులతోనూ దీని చెయ్యి పట్టేశాడు. అది మణికట్టు తిప్పలేదు. "వదులు!" అని ఒక్క కేక పెట్టింది. మెట్లగది అంతా మోగింది. వాడు ఉలిక్కిపడ్డాడు, వేళ్లు సడలాయి. ఆ సందులో అది మోచెయ్యి ముందుకు తోసి చెయ్యి విడిపించుకుని రెండేసి మెట్లు దిగుతూ కిందికి పరిగెత్తింది.

కింద గేటు దగ్గర టీ తాగుతున్న వాచ్‌మన్ గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?" అన్నాడు ఒగరుస్తూ. రెండో అంతస్తు బాల్కనీలోంచి పిన్నిగారు తొంగి చూశారు. ఎదురింట్లో తలుపు తెరుచుకుంది.

"ఏం లేదన్నా, ప్రాక్టీసు" అంది మా పిల్ల సిగ్గుపడుతూ.

"మీ కేకకి నా టీ పోయిందమ్మా" అన్నాడతను నవ్వుతూ. "ఫరవాలేదు. నిజమైనా ఇలాగే అరవండి. వస్తాను."